జాన్ హారిసన్
గడియారముతో సముద్రమును కొలిచిన వడ్రంగి

మనము దినదినమును చూచు వస్తువులలో గడియారమువలె మనల నాజ్ఞాపించునది మఱియొకటి లేదు. పాఠశాల గంట దాని ముల్లు ననుసరించియే మ్రోగును; ఎఱ్ఱగుంట్ల స్టేషనులో రైలుబండి దాని మాట చొప్పుననే కదలును. ఐనను ఈ చిన్న యంత్రము నడిసముద్రమున దారి తప్పిన నావికుల ప్రాణములను కాపాడెననియు, దానిని ఆ పనికి దగినదానిగా చేసినవాడు కళాశాల మెట్టెక్కని యొక వడ్రంగి యనియు కొందఱే యెఱుగుదురు. అతడే జాన్ హారిసన్.

హారిసన్ 1693వ సంవత్సరమున ఇంగ్లండునందలి యార్కుషైరు మండలమున, ఫౌల్బీ యను పల్లెలో జన్మించెను. తండ్రి వడ్రంగి. కొలది యేండ్లకు ఆ కుటుంబము లింకన్‌షైరు మండలమునందలి బారో గ్రామమునకు తరలిపోయెను. ఆరేండ్ల ప్రాయమున మశూచికము సోకి మంచము పట్టియుండగా, ప్రొద్దుపోవుటకై యతని కొక జేబుగడియారము నిచ్చిరనియు, దాని ధ్వనిని వినుచు, లోపలి చక్రములను చూచుచు నతడు బాధను మఱచెననియు నొక కథ కలదు. తండ్రియొద్దనే కొయ్యపని నేర్చెను. పెరిగిన పిమ్మట ఒక మతబోధకుడు, సాండర్సన్ పండితుని శాస్త్రోపన్యాసముల వ్రాతప్రతిని ఎరువిచ్చెను. హారిసన్ దానిని పటములతోగూడ స్వహస్తముతో ఎత్తివ్రాసికొని, దానినే తన గురువుగా నెంచుకొనెను.

ఇరువదియేండ్ల ప్రాయమున, 1713లో, అతడు తన మొదటి గడియారమును చేసెను. దాని చక్రములు సయితము కొయ్యతో చేసినవే. పిదప 1722 ప్రాంతమున బ్రాకిల్స్‌బీ యను చోట నొక జమీందారుని గుఱ్ఱపుసాలకై పెద్ద గడియారమును నిర్మించెను. చమురు చిక్కబడినప్పుడెల్ల గడియారములు ఆగిపోవుట చూచి, సహజముగా జిడ్డుగల ఒక విదేశపు చేవకొయ్యను ఇరుసులక్రింద నమర్చి, చమురే యక్కఱలేకుండ చేసెను. ఆ గడియారము నేటికిని నడుచుచున్నది.

రెండవ శత్రువు వేడిమి. మన కమ్మరులు ఇనుపపట్టాను కాల్చి బండిచక్రమునకు తొడుగుట మీరు చూచియుందురు. కాలిన పట్టా సాగును; చల్లారిన పట్టా బిగియును. ఆలాగుననే యెండకాలమున గడియారపు లోలకము సాగి మెల్లగా ఊగును. చలికాలమున కుఱుచయై వేగముగా ఊగును. ఉక్కుకంటె ఇత్తడి యెక్కువ సాగునని హారిసన్ గ్రహించి, ఆ రెండింటి కడ్డీలను ప్రక్కప్రక్కన కూర్చెను. ఒకటి క్రిందికి సాగినంత మేర రెండవది పైకి సాగుటచేత లోలకపు నిడివి మాఱదు. తమ్ముడు జేమ్సు తోడ్పాటుతో చేసిన యీ గడియారములు నెలకొక సెకండుకంటె తప్పవని పరీక్షలో తేలెను.

ఆ కాలమున నావికులకు రేఖాంశ మెఱుగుట మహాసమస్యగా నుండెను. భూమి ఇరువదినాలుగు గంటలలో 360 అంశములు తిరుగును. అనగా ఒక అంశమునకు నాలుగు నిమిషములు. మన దేశపు కాలము 82½ అంశముల రేఖాంశము ననుసరించినది. ఆ రేఖ కాకినాడ సమీపముగా పోవును. ప్రొద్దుటూరు దానికి సుమారు నాలుగంశములు పడమరగా నున్నది. కావున మన గడియారములలో పండ్రెండు గంటలైన పిమ్మట సగటున పదునాఱు నిమిషములకుగాని సూర్యుడు మన నడినెత్తిమీదుగా దాటడు. కాలభేద మెఱిగినచో దూరమును తెలియుననుట కిదియే నిదర్శనము. ఓడలో రేవుకాలమును తప్పక చూపు గడియార మొకటి యున్నచో, నావికుడు సూర్యునివలన అచ్చటి కాలమును గ్రహించి, రెంటి భేదముచే తానున్న రేఖాంశమును చెప్పగలడు. కాని అట్టి గడియారము లేకుండెను. 1707లో సిల్లీ దీవుల రాళ్లపై నాలుగు ఆంగ్లేయ యుద్ధనౌకలు కొట్టుకొని, వేయిమందికి పైగా మరణించిరి. 1714లో పార్లమెంటు ఒక చట్టము చేసి, రేఖాంశమును అర్ధాంశములోపల తెలుపు ఉపాయమునకు 20,000 పౌనుల బహుమానమును ప్రకటించెను. ఈ పరీక్షకు నిలువవలెనన్న, ఆఱు వారముల ప్రయాణమున గడియారము రెండు నిమిషములకంటె తప్పరాదు. న్యూటనువంటి మహాపండితుడును గడియారముచేత నిది సాధ్యమగునా యని సందేహించెను.

1730లో హారిసన్ లండనునకు పోయెను. గడియారశిల్పి జార్జి గ్రహాము అతని యోచనను విని, అప్పిచ్చి ప్రోత్సహించెను. 1735లో ముగిసిన మొదటి సముద్రగడియారము సుమారు 34 కిలోగ్రాముల బరువుగలది. ఓడలో లోలకము నిలువదు గనుక, స్ప్రింగులతో కలుపబడి ఎదురెదురుగా ఊగు రెండు తులాదండముల నతడు దానియందమర్చెను. 1736లో లిస్బను నుండి తిరిగి వచ్చుచుండగా, ఓడ అధికారి తీరమును పొరపడి యెంచెను; హారిసన్ లెక్కయే నిజమాయెను. అప్పుడే అతడు పెద్దపరీక్షను కోరి యుండవచ్చును. అట్లు కోరక, తన గడియారమునందలి లోపములను తానే సభవారికి చూపి, అంతకంటె మేలైనదానిని చేయుటకు సహాయము నడిగెను. రెండవదానిని చేసి, అదియు తృప్తి నియ్యక, మూడవదానిపై పందొమ్మిది సంవత్సరములు పాటుపడెను. 753 భాగములు గల ఆ యంత్రమును అతడు కోరిన పరిపూర్ణతను పొందలేదు.

తుదకు 1759లో నాలుగవ గడియారము సిద్ధమాయెను. అది పదుమూడు సెంటీమీటరుల వెడల్పు గల పెద్ద జేబుగడియారమువంటిది. సాధారణముగా గడియారములో చుట్టిన స్ప్రింగు విప్పుకొనుచు పండ్లచక్రములను త్రిప్పును. ఆ బలము ఒక్కమాఱుగా విడుదల గాకుండ, ఒక కొండి చివరి చక్రమును పట్టుచు విడుచుచు, ఇటునటు ఊగు చక్రమునకు చిన్న చిన్న త్రోపుల నిచ్చుచుండును. హారిసన్ ఆ కొండికి వజ్రపుముక్కలను, ఇరుసులకు కెంపులను అమర్చెను. పెద్ద స్ప్రింగు బలము హెచ్చుతగ్గులగుట నెఱిగి, నిమిషమునకు ఎనిమిది మారులు తనంతట చుట్టుకొను చిన్న స్ప్రింగును చేర్చెను. సెకండునకు ఐదు మారులు కొట్టుకొను ఆ యంత్రము ఓడ కుదుపులను లెక్కసేయదు.

1761లో కుమారుడు విలియము దానిని జమెయికాకు కొనిపోయెను. చేరునప్పటికి తప్పు ఐదు సెకండులు మాత్రమే! ఐనను సభవారు ఇది యాదృచ్ఛికమేమో యని బహుమానము నియ్యరైరి. 1764లో బార్బడోసుకు రెండవయాత్ర జరిగెను. నలువదియేడు దినములలో తప్పు ముప్పదితొమ్మిది సెకండులు. అప్పుడును సగము ధనము నిచ్చుటకే, గడియారమును విప్పి మర్మమును తెలుపవలెననిరి. మిగిలిన సగమునకు ఇతరులును దానిని చేయగలరని ఋజువు చూపవలెననిరి. ఒక్కడు మాత్రమే చేయగల గడియారము వేలకొలది ఓడలకు చాలదు గనుక, ఈ నిర్బంధమున కొంత న్యాయము లేకపోలేదు. కాని వార్ధక్యమున నున్న శిల్పి కది మిక్కిలి కష్టమాయెను. విలియము రాజుతో మొఱపెట్టుకొనగా, మూడవ జార్జి రాజు 1772లో హారిసన్ చేసిన ఐదవ గడియారమును తానే పరీక్షింపజేసెను. పిమ్మట 1773లో పార్లమెంటు 8,750 పౌనులు మంజూరు చేసెను. అప్పటికి అతనికి ఎనుబదియేండ్లు. 1776 మార్చి 24వ తేదీన లండనులో మరణించెను.

అతని పని అతనితో నశింపలేదు. నాలుగవ గడియారమునకు లార్కం కెండల్ చేసిన ప్రతితో కెప్టెన్ కుక్కు 1772 మొదలు 1775 వఱకు దక్షిణసముద్రములను చుట్టివచ్చి, దానిని మెచ్చుకొనెను. అట్టి గడియారములు క్రానోమీటరులను పేర వ్యాపించి, మన కోరమాండలు తీరమునకు వచ్చు ఓడలలోను వెలసెను. వానిని సరిచూచుటకు నక్షత్రములను చూచి నిర్ణయించిన కాలము కావలెను. 1792లో మదరాసునందును, 1840లో గోడే వెంకట జగ్గారావుగారి స్వధనముతో విశాఖపట్టణమునందును వెలసిన వేధశాలలు ఈ కాలనిర్ణయమును చేయుచుండెను. నేడు ఓడలకు ఆకాశమున తిరుగు ఉపగ్రహములు దారి చూపుచున్నవి. ఆ ఉపగ్రహముల కడుపులో నున్నవియు తప్పని గడియారములే. సాధనము మాఱినది గాని, కాలముచేత స్థలమును కొలుచు సూత్రము మాఱలేదు.

విద్యార్థులారా! హారిసన్‌కు గొప్ప కులమును లేదు, ధనమును లేదు, పట్టమును లేదు. తన పనిలోని తప్పును ఇతరులకంటె ముందు తానే వెదకు గుణ మొక్కటి మాత్రముండెను. ఇతరులు మెచ్చిన గడియారమును ప్రక్కనబెట్టి, మఱల మొదటినుండి ఆరంభించు ధైర్యము అందుండియే పుట్టినది. మీరు లెక్క చేయుచున్నను, మగ్గము నేయుచున్నను, బంగారము తూచుచున్నను, ఈ గుణమును విడువకుడు.