మన పక్క ఊరి సూరి భగవంతం

లేజర్ కాంతితో పరమాణువులను వరుసగా నిలబెట్టి, అవన్నీ కలిస్తే ఏం చేస్తాయో చూసే క్వాంటం కంప్యూటర్లు ఇప్పుడు వచ్చాయి. మీ పిల్లలు వాటి గురించి అడిగితే, మన మైలవరానికి దగ్గర్లోని ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం గారి గురించి కూడా చెప్పండి.

నిజాం కాలేజీలో బీఎస్సీ చదివి, 1928లో కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర చేరారు. కాంతి కణానికి స్పిన్ ఉందని 1931లో ఇద్దరూ ప్రయోగంతో చూపారు.

స్ఫటికంలో లెక్కలేనన్ని పరమాణువులు కలిసి కంపిస్తాయి. ఒక్కోదానికీ విడిగా లెక్క వేయడం ఎవరి తరం? ముగ్గులో ఒక మూల చూస్తే మిగతాది తెలుస్తుంది కదా, అలాగే వాటి అమరికలోని సౌష్ఠవాన్ని బట్టి ఏ కంపనాలు సాధ్యమో చెప్పొచ్చు. ఈ గణితంపై వెంకటరాయుడు గారితో కలిసి ఆయన రాసిన పుస్తకాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అచ్చువేసింది. తర్వాత బెంగళూరు ఐఐఎస్సీకి డైరెక్టర్ కూడా అయ్యారు గానీ, నాకైతే ఈ పుస్తకమే గొప్ప. 1989లో కన్నుమూశారు. ఆ సౌష్ఠవపు లెక్కలు ఎమ్మెస్సీ పిల్లలకు ఇప్పటికీ పాఠమే.