దారి మూసుకుపోయినా మెదడుకు రక్తం ఎలా అందుతుంది? - థామస్ విల్లిస్

1621లో ఇంగ్లాండ్‌లో పుట్టిన థామస్ విల్లిస్ అనే పిల్లవాడు బడికి వెళ్తూ, దారిలో కనిపించిన పేదలకు తన తిండి పంచిపెట్టేసేవాడట. కొడుకు ఆకలితో చదువుకుంటున్నాడని తెలిసిన తండ్రి, ఇంట్లోనే తిని బయలుదేరాలని షరతు పెట్టారట. ఆ పిల్లవాడే పెద్ద డాక్టర్ అయ్యాడు. మన మెదడు అడుగున ఉండే ఒక రక్తనాళాల వలయానికి నేటికీ ఆయన పేరే ఉంది.

విల్లిస్‌ది సంపన్న కుటుంబం కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక మతాధికారి ఇంట్లో పనిచేస్తూ చదువుకున్నారు. ఆ ఇంటి ఇల్లాలికి వైద్యం తెలుసు. ఆమె మందులు తయారుచేస్తుంటే విల్లిస్ సాయం చేసేవారు. వైద్యంపై ఆసక్తి అక్కడే మొదలైంది. ఇంతలో అంతర్యుద్ధం వచ్చింది. 1643లో తండ్రి జ్వరంతో చనిపోయారు. విల్లిస్ రాజు పక్షాన సైన్యంలో చేరారు. 1646లో వైద్య పట్టా పొందారు. మొదట్లో రోగులు పెద్దగా రాకపోవడంతో, చుట్టుపక్కల ఊళ్ల సంతలకు వెళ్లి వైద్యం చేసేవారు.

1650లో ఉరితీసిన ఆన్ గ్రీన్ అనే యువతి శరీరాన్ని, కోసి పరిశీలించడం కోసం డాక్టర్లకు అప్పగించారు. ఆమెలో ఇంకా ఊపిరి ఉందని గుర్తించి, విల్లిస్, ఆయన మిత్రుడు విలియం పెట్టీ వైద్యం చేశారు. ఆమె బతికింది.

1660లో విల్లిస్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. 1664లో మెదడు నిర్మాణంపై పుస్తకం వెలువరించారు. అప్పటిదాకా చాలామంది మెదడును పుర్రెలోనే ఉంచి పైనుంచి ముక్కలుగా కోసేవారు. విల్లిస్ మెదడును మొత్తంగా బయటకు తీసి, అడుగు నుంచి పరిశీలించారు. రిచర్డ్ లోయర్ కోతలో సాయపడ్డారు. తర్వాత లండన్ సెయింట్ పాల్స్ చర్చిని నిర్మించిన క్రిస్టఫర్ రెన్ బొమ్మలు గీశారు.

మెదడుకు నాలుగు ప్రధాన రక్తనాళాలు వెళ్తాయి. ముందు వైపు రెండు, వెనుక వైపు రెండు. మెదడు అడుగున ఇవి వలయంలా కలుస్తాయి. ఆ వలయాన్ని అంతకు ముందే కొందరు చూశారు. అది ఎందుకుందో వివరంగా చెప్పింది విల్లిస్. ఒక వైపు మెడ రక్తనాళంలోకి రంగు ద్రవం ఎక్కిస్తే, అది రెండో వైపుకూ చేరింది. వేరే జబ్బుతో చనిపోయిన ఒక వ్యక్తిని పరిశీలిస్తే, కుడి వైపు ప్రధాన రక్తనాళం దాదాపు పూర్తిగా మూసుకుపోయి ఉంది. అయినా ఆయనకు పక్షవాతం రాలేదు. అదే వైపు వెనుక రక్తనాళం బాగా పెద్దదై ఆ లోటు తీర్చింది. మెయిన్ రోడ్డు మూసేస్తే సందుల్లోంచి ఇల్లు చేరినట్టే!

విల్లిస్ 1667లో లండన్ వెళ్లి ఎంతో పేరు తెచ్చుకున్నారు. 1675లో కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఆయన సమాధి ఉంది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఈ పక్కదారులు అందరిలో ఒకేలా ఉండవు. చాలామందిలో ఆ వలయం పూర్తిగా కలిసి ఉండదు. విల్లిస్ చూసిన వ్యక్తిలో రక్తనాళం నెమ్మదిగా మూసుకుపోయింది కాబట్టి పక్కదారి పెరగడానికి సమయం దొరికింది. గడ్డ కట్టిన రక్తం హఠాత్తుగా అడ్డుపడితే అంత సమయం ఉండదు. పక్కదారులు మెదడును కొంతసేపే కాపాడగలవు. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పక్కదారులు బలంగా ఉన్న కొందరికి, స్కానింగ్ చూసి, 24 గంటల వరకూ గొట్టంతో గడ్డను తీయగలుగుతున్నారు. అయినా ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది.

బడి నుంచి పిల్లలు వచ్చేసరికి చాలా ఇళ్లలో ఉండేది తాతయ్య, నానమ్మలే. అందుకే ఈ నెల పిల్లలకు మూడు గుర్తులు నేర్పండి: మూతి ఒక పక్కకు జారడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట తడబడటం. వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా, కాసేపటికి తగ్గిపోయినా, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకోవాలి. నోట్లో నీళ్లు, మాత్రలు, నాటు మందులు వేయకూడదు. తెల్లారాక చూద్దాం అనుకోకూడదు.