పతాక హస్తానికి ఆంగ్లపు పలుకు: ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

తాను గీసిన చిత్రాన్ని గురించి నాలుగు మాటలు ఇంగ్లీషులో చెప్పమన్నంతనే తలవంచుకొని మౌనం వహించే విద్యార్థులు మనలో ఎందరో ఉన్నారు. కుంచె పట్టినప్పుడు ఏమాత్రం తొట్రుపడని వారే నోరు విప్పవలసి వచ్చేసరికి తొట్రుపడుతున్నారు. చివరకు నైస్ అనో, బ్యూటిఫుల్ అనో ఒక్క మాట పలికి పక్కకు తప్పుకుంటున్నారు. చిత్రం బాగున్నదన్న సంగతి చూసేవారికీ తెలుసు. అందులో ఏమున్నదో, అది ఎందుకట్లా ఉన్నదో వినాలని వారి కోరిక. ఆ కొద్దిపాటి సంగతి చెప్పలేక, ప్రతిభ కలిగిన పిల్లలు ఇంటర్వ్యూలలో వెనుకబడి తిరిగిరావటం మేము కన్నులారా చూశాము. వారి కంటె తక్కువ గీసి, ఎక్కువ మాట్లాడినవారు ముందుకు పోవటమూ చూశాము.

ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు: ఇది మన భవానీపురంలో అనేకమంది విద్యార్థుల పరిస్థితి. మూడు భాషల నడుమ పెరిగినందువల్లనే ఏ ఒక్కటీ గట్టిగా రాలేదని కొందరు తమను తాము నిందించుకుంటారు. ఆ నింద సరికాదని మేము భావిస్తున్నాము. సొంత భాషలో నేర్చిన విద్యను మెట్టుగా చేసుకొని ఇంగ్లీషులో కళను గురించి నిర్దుష్టంగా చెప్పిన మహనీయుడొకరు మన కృష్ణామండలంలోనే జన్మించారు. ఆయనే ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. విజయవాడలోని ఆంధ్రరత్న భవనం పేరు వినని వారు మనలో అరుదు. చీరాల–పేరాల పోరాటం సంగతి పాఠాలలో చదివినదే. అయితే చేతివేళ్ల భంగిమలను ఇంగ్లీషు మాటలలోకి తెచ్చిన విద్వాంసుడుగా ఆయనను ఎరిగినవారు కొద్దిమందే. ఆ కోణంలో ఆయన జీవితాన్ని స్మరించటం ఈ వ్యాసోద్దేశం.

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన పెనుగంచిప్రోలులో జన్మించారు. తిరుపతమ్మ తిరునాళ్లకు ప్రసిద్ధి కెక్కిన ఆ గ్రామం మునేటి ఒడ్డున ఉన్నది. మునేటి నీరు కృష్ణలో కలిసి, మన భవానీపురం రేవులను తాకుతూనే ఆనకట్టను చేరుతుంది. ఆ విధంగా ఆయన మన ఏటి ఎగువవాడు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, బంధువుల అండన పెరిగారు. గుంటూరులో ఉన్నత పాఠశాల చదువు సాగింది. పాటయందును, నాటకమందును చిన్ననాడే ఆయనకు మక్కువ ఏర్పడింది. ఆశువుగా పద్యం చెప్పటం, చమత్కారంగా సంభాషించటం ఆయనకు సహజసిద్ధమైన విద్యలు. కొంతకాలం బాపట్ల తాలూకా కచేరీలో చిరుద్యోగం చేశారు. ఆ తరువాత మిత్రుడైన నడింపల్లి నరసింహారావుగారి తోడ్పాటుతో స్కాట్లండుకు వెళ్లి, ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టం పొందారు.

అక్కడ ఆయన చదివినది అర్థశాస్త్రం. కాని ఆయన పేరును ప్రపంచపు గ్రంథాలయాలలో నిలిపినది నాట్యశాస్త్రం. విదేశాలలో ఉన్న కాలంలోనే ఆయనకు డాక్టర్ ఆనంద కుమారస్వామితో స్నేహం కుదిరింది. 1877లో కొలంబోలో జన్మించిన కుమారస్వామి మొదట భూగర్భశాస్త్రంలో పరిశోధన చేసి, పిమ్మట భారతీయ కళలకు వ్యాఖ్యాతగా లోకప్రసిద్ధి పొందిన పండితుడు. ఆ రోజులలో గోర్డన్ క్రెయిగ్ అనే ఆంగ్ల రంగస్థల దర్శకుడు, భారతదేశంలో నటులకు శిక్షణ ఇచ్చే గ్రంథాలేమైనా ఉన్నవా అని కుమారస్వామిని అడిగారు. భారతీయ నాట్యం గొప్పదని చెప్పే మాటలతో ఆయనకు తృప్తి లేదు. నటుడు తల ఎట్లా తిప్పాలి, చేయి ఎట్లా పట్టాలి అని చెప్పే పుస్తకం ఆయనకు కావాలి. ఆ కోరికకు సమాధానంగా కుమారస్వామి, గోపాలకృష్ణయ్య కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. ది మిర్రర్ ఆఫ్ జెస్చర్ అనే పేరుతో ఆ గ్రంథాన్ని 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. ముఖపత్రం మీద ఇద్దరి పేర్లూ ఉన్నవి.

ఇక్కడ మన విద్యార్థులు గమనింపదగిన విశేషమొకటి ఉన్నది. ఆ అనువాదానికి ఆధారమైన ప్రతి నిడామంగళం మాడభూషి తిరువేంకటాచార్యులవారు పరిష్కరించి అచ్చువేయించినది. దాని భాష సంస్కృతం, లిపి తెలుగు. అనగా హార్వర్డు చేరిన ఆ విద్యకు తెలుగు అక్షరాలే దారి చూపినవి. తెలుగు చదవటం ఇంగ్లీషుకు అడ్డు కాలేదు సరికదా, తెలుగు రానివారికి తెరుచుకోని తలుపు దాని మూలంగానే తెరుచుకున్నది.

ఆ గ్రంథంలో పని ఎంత సున్నితమైనదో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. అభినయదర్పణం తలకు 9, చూపులకు 8, మెడకు 4 భేదాలు చెబుతుంది. ఒంటిచేతి ముద్రలు 28. వాటిలో మొదటిది పతాకం. వేళ్లన్నీ చేర్చి చాచి, బొటనవేలిని వంచితే పతాక హస్తం. అందులో ఉంగరపు వేలిని వంచితే త్రిపతాకం. పతాకంలోని బొటనవేలిని పక్కకు చాపితే అర్ధచంద్రం. నాలుగు వేళ్లను అరచేతిలోకి ముడిచి, వాటిపై బొటనవేలిని ఉంచితే ముష్టి. ఆ బొటనవేలిని పైకి నిలిపితే శిఖరం. ఒక వేలు కదిలితే పేరు మారుతుంది, అర్థం మారుతుంది. పతాకం మేఘాన్ని చూపుతుంది, అడవిని చూపుతుంది, రాత్రిని, నదిని కూడ చూపుతుంది. వలదని వారించటానికీ అదే హస్తం. ఇటువంటి విషయాన్ని పరభాషలో చెప్పబూనిన వానికి అందంగా ఉన్నది అనే మాట ఎందుకూ కొరగాదు. ఏ వేలు, ఎటు, ఎంత అనేదే చెప్పవలసి ఉంటుంది.

కాబట్టి ఆ గ్రంథపు నడక మూడు మెట్లుగా సాగింది. మొదట ముద్ర పేరు, పిమ్మట వేళ్ల స్థితి, అటుపై ఆ ముద్ర వినియోగం. పతాకం ఫ్లాగ్ అయినది, మయూరం పీకాక్ అయినది, ముష్టి ఫిస్ట్ అయినది. అయినప్పటికీ సంస్కృత నామాలను తొలగించలేదు. సొంత పేరు ముందు నిలిచింది, పరభాషలోని అర్థం దాని పక్కన చేరింది. చిత్రాన్ని గురించి ఇంగ్లీషులో మాట్లాడదలచిన విద్యార్థికి ఇంతకు మించిన పాఠ్యక్రమం వేరొకటి లేదని మా అభిప్రాయం. చిత్రంలో ఉన్న వస్తువు పేరేమిటి? అది ఏ స్థితిలో ఉన్నది? దాని వలన ఏమి తెలుస్తున్నది? ఈ మూడు ప్రశ్నలకు మూడు చిన్న వాక్యాలు చాలును. ది హ్యాండ్ ఈజ్ రైజ్‌డ్. ది ఫింగర్స్ ఆర్ స్ట్రెయిట్. ది థంబ్ ఈజ్ బెంట్. ఇందులో పదవ తరగతి దాటిన విద్యార్థికి తెలియని మాట ఒక్కటైనా లేదు. లేనిది మాటలు కావు. చూసినదానిని చూసినట్లు వరుసగా చెప్పే అలవాటు.

ఉర్దూ చదివే విద్యార్థులకు ఈ అలవాటు కొత్తది కాదు. ఖుష్‌ఖతీ నేర్చినవారు అక్షరపు నిడివిని కలం మొన పెట్టే చుక్కలతో కొలుస్తారు. అలిఫ్ ఎన్ని చుక్కల పొడవుండాలో, గీత ఎక్కడ సన్నబడాలో ఉస్తాదు మాటలలో చెబుతారు, శిష్యుడు చేతితో చూపుతాడు. బందరు అద్దకపు వస్త్రాలకు కలంకారీ అన్న పేరు పారసీక భాష నుండి వచ్చినదే. హాథ్, హథేలీ, అంగూఠా అని ఒకరు, చేయి, అరచేయి, బొటనవేలు అని మరొకరు ముందు తమ భాషలో చెప్పుకొని, ఆ తరువాత హ్యాండ్, పామ్, థంబ్ అని పలికితే ఇంగ్లీషు మాట గాలిలో తేలదు. చూసిన వస్తువుకు అంటుకొని నిలుస్తుంది.

స్వదేశానికి తిరిగివచ్చిన గోపాలకృష్ణయ్యగారు రాజమహేంద్రవరంలోను, బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలోను కొంతకాలం అధ్యాపకులుగా పనిచేశారు. ఎవరికీ లొంగని స్వభావం వలన ఏ కొలువులోను ఎక్కువ కాలం నిలువలేదు. చీరాలను తన కార్యక్షేత్రంగా ఎంచుకొని, అక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని స్థాపించారు. రామదండు అనే సేవాదళాన్ని తీర్చిదిద్దారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైనప్పుడు కిక్కిరిసిన జనసమూహాన్ని క్రమశిక్షణలో ఉంచినది ఆ రామదండే.

చీరాల, పేరాల గ్రామాలను కలిపి పురపాలక సంఘంగా చేసినందువల్ల పన్నులు పెరిగి, ప్రజలు భరించలేని స్థితి ఏర్పడింది. గాంధీజీ సలహాను అనుసరించి, 1921లో గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన ప్రజలు ఇళ్లు విడిచి ఊరి వెలుపల రామనగరం అనే పేరుతో పాకలు వేసుకున్నారు. సుమారు 11 నెలలు ఎండకూ వానకూ ఓర్చి అక్కడనే నివసించారు. ఆ సంవత్సరమే బరంపురంలో నిషేధాజ్ఞను ధిక్కరించి ప్రసంగించినందుకు ప్రభుత్వం ఆయనకు ఏడాది జైలుశిక్ష విధించింది. నాయకుడు చెరసాలలో ఉండగా ఉద్యమం సడలిపోయింది. ప్రజలు తిరిగి ఇళ్లకు చేరారు. ఆశించిన ఫలితం ఆనాడు చేతికందలేదు.

ఎడింబరోలో చదివి, హార్వర్డులో గ్రంథం అచ్చయిన వ్యక్తికి ఆనాటి ప్రభుత్వంలో పెద్ద కొలువు దుర్లభమేమీ కాదు. ఆయన ఆ దారిని పోలేదు. ఆంగ్ల ప్రభుత్వంతో పోరాడారు గాని ఆంగ్లభాషతో ఆయనకు వైరం లేదు. దానిని పనిముట్టుగా వాడుకున్నారు. దానికి దాసులు కాలేదు. ప్రజలను కదిలించినది ఆయన తెలుగు పలుకే, వారిని నవ్వించినది ఆయన తెలుగు చాటువులే. జీవితపు చివరి దినాలు పేదరికంలోను, క్షయవ్యాధి బాధలోను గడిచినవి. 1928 జూన్ 10వ తేదీన, నలుబది ఏండ్లయినా నిండకముందే ఆయన కన్నుమూశారు. ఆస్తి ఏమీ మిగలలేదు. ఒక పోరాటపు జ్ఞాపకమూ, ఒక పుస్తకమూ మిగిలినవి. నేటికీ నాట్యాన్ని, శిల్పాన్ని ఇంగ్లీషులో చదువుకొనేవారు ఆ పుస్తకాన్ని తెరుస్తూనే ఉన్నారు.

విద్యార్థి మిత్రులకు మా మనవి ఒక్కటే. మన భవానీపురం నుండి ఆనకట్ట దాటితే ఉండవల్లి గుహలు. బందరు రోడ్డులో బాపూ మ్యూజియం. ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఒక విగ్రహపు చేతిని మాత్రమే గీయండి. పిమ్మట ఆ చేతిని మీ భాషలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి గొంతెత్తి చెప్పండి. వినే మిత్రుడు బొమ్మ చూడకుండా మీ మాటలను బట్టి తన చేతిని ఆ విధంగా పట్టగలిగితే మీ ఇంగ్లీషు సఫలమైనట్లే. పట్టలేకపోతే ఏ మాట లోపించినదో ఆ చేయే చెబుతుంది. వ్యాకరణ దోషం గురించి నలుగురూ నవ్వుతారన్న భయం అక్కడ ఉండదు.

కళాశాల పాలకవర్గం వారికి కూడ ఒక విన్నపం. ఏటేటా చిత్రలేఖన ప్రదర్శన ఏర్పాటు చేసి బహుమతులిస్తున్నారు, సంతోషం. అయితే ప్రతి విద్యార్థీ తన చిత్రం పక్కన నిలిచి, రెండు నిమిషాలు తనకు వచ్చిన భాషలోను, రెండు నిమిషాలు ఇంగ్లీషులోను దానిని వివరించే అవకాశం కూడ కలిగించవలెనని కోరుతున్నాము. ఇందుకు అదనపు ధనం అవసరం లేదు, ఓపికగా వినేవారుంటే చాలు. ఆ రెండు నిమిషాలు దక్కక మౌనంగా వెనుదిరిగిన పిల్లలను మేము చూశాము. మునేటి ఒడ్డున పుట్టిన ఒక అనాథ బాలుడు మన లిపిలోని విద్యను ప్రపంచానికి చెప్పగలిగినప్పుడు, కృష్ణ ఒడ్డున చదివే మన పిల్లలు తమ చేతితో తాము గీసిన బొమ్మను గురించి చెప్పలేకపోవటానికి కారణం కనబడదు.