దిర్హమంత మచ్చ: హజ్రత్ ఉవైస్ ఖర్నీ (రహ్)

హజ్రత్ ఉవైస్ బిన్ ఆమిర్ (రహ్) యమన్ వాసి. మురాద్ తెగలోని ఖరన్ శాఖకు చెందినవారు. దైవప్రవక్త (స) కాలంలోనే జీవించినా ఆయనను కళ్లారా చూసే భాగ్యం ఉవైస్‌కు దక్కలేదు. ఇంట్లో ముసలి తల్లి. ఆమెను విడిచి రాలేకనే మదీనా ప్రయాణం మానుకున్నారని చెబుతారు. అందుకే ఆయన సహాబీ కాలేదు, తాబయీ అయ్యారు.

ఆయనకు బర్స్ ఉండేది. మనవైపు బొల్లి అంటాం. కొన్నిచోట్ల దీన్ని కుష్ఠు అని అనువదిస్తుంటారు. అది సరికాదు, కుష్ఠుకు అరబ్బీలో జుజామ్ అనే వేరే మాట ఉంది. బొల్లిలో చర్మానికి రంగునిచ్చే కణాలు నశించి తెల్లమచ్చలు పడతాయి. తాకితే అంటదు. పాలూ చేపలూ కలిపి తింటే వస్తుందనే మాటలో నిజం లేదు.

ఉవైస్ అల్లాహ్‌ను వేడుకున్నారు. మచ్చలు పోయాయి, దిర్హం నాణెమంత చోటు తప్ప. ఆ ఒక్కటీ అల్లాహ్ అనుగ్రహాన్ని గుర్తుచేస్తూ ఉండాలని ఆయనే కోరుకున్నారని మరో ఉల్లేఖనంలో ఉంది.

మిగిలిపోయే మచ్చ అంటే ఏమిటో బొల్లికి మందు వాడే ఇళ్లలో బాగా తెలుసు. ఇబ్రహీంపట్నంలో పొద్దున్నే సాగర్ రోడ్డు బస్సెక్కి, నగరం ఆ చివరనున్న ఎర్రగడ్డ యునానీ పరిశోధన సంస్థకు వెళ్లి వస్తే ఆ రోజు కూలి పోయినట్లే. మందులు నెలల తరబడి వాడాలి. ముఖం మీది మచ్చకు రంగు తిరిగినా, వేళ్ల కొసల మీద, పెదవుల మీద ఉన్నవి మొండికేస్తాయి. ఒకచోట తగ్గిందనుకుంటే మరోచోట మొదలవుతుంది. విసిగిపోయి, హకీమును అడగకుండా బావంచాలు నూరి పూసుకుని ఎండలో కూర్చుంటే చర్మం బొబ్బలెక్కుతుంది. ఈలోగా ఆడపిల్లకు వచ్చిన సంబంధం కాస్తా వెనక్కి పోతుంది. మచ్చ పిల్లకు, సిగ్గు ఇంటిల్లిపాదికీ!

ఉవైస్ మచ్చ సంగతి వేరుగా నడిచింది. దైవప్రవక్త (స) ఆయన గురించి హజ్రత్ ఉమర్ (రజి)కు ముందే తెలియజేస్తూ, తల్లిసేవతో పాటు ఆ మచ్చనూ ఆనవాలుగా చెప్పారు. వీలైతే ఆయనతో మన్నింపు కోసం దుఆ చేయించుకోమన్నారు. ఉమర్ (రజి) 634లో ఖలీఫా అయ్యారు. యమన్ నుంచి సైనిక బృందం వచ్చినప్పుడల్లా ఉవైస్ కోసం వాకబు చేసేవారు. చివరికి ఆయన దొరికారు. తెగ ఏదని అడిగారు, తల్లి ఉందా అని అడిగారు, బర్స్ నయమై దిర్హమంత మిగిలిందా అనీ అడిగారు. అన్నిటికీ ఔననే జవాబు. అప్పుడు ఖలీఫా ఆ పేదవాణ్ణి తన కోసం దుఆ చేయమని అర్థించారు. ఉవైస్ చేశారు.

ఆయన కూఫా వెళతానంటే, అక్కడి అధికారికి లేఖ రాసిస్తానన్నారు ఉమర్ (రజి). ఉవైస్ వద్దన్నారు, సామాన్యుల్లో ఒకడిగా ఉండటమే ఇష్టమన్నారు. కూఫాలో ఆయన్ని ఎగతాళి చేసేవారూ ఉండేవారు. మరుసటి ఏడాది హజ్‌కు వచ్చిన ఓ కూఫా పెద్దమనిషి, ఉవైస్ పాత కొంపలో, చాలీచాలని సామానుతో ఉంటున్నాడని ఖలీఫాకు చెప్పాడు. ఖలీఫా నోట అసలు సంగతి విని, తిరిగి వెళ్లగానే తానూ దుఆ చేయించుకున్నాడు. దాంతో ఊరందరికీ తెలిసిపోయింది. ఉవైస్ అక్కడ నిలవలేదు, జనానికి దూరంగా వెళ్లిపోయారు.

657లో సిఫ్ఫీన్ యుద్ధంలో హజ్రత్ అలీ (రజి) పక్షాన పోరాడుతూ ఆయన అమరులయ్యారని ఎక్కువమంది చరిత్రకారులు రాశారు.