మితభాషి, మహానటుడు: గారీ కూపర్

ధీరోదాత్త నాయకునికి మన అలంకారికులు చెప్పిన లక్షణాలలో ఆత్మశ్లాఘ చేసుకొనకపోవడం ఒకటి. గంభీరుడై, క్షమాశీలియై, తన గొప్పను తాను చెప్పుకొననివాడే ఉత్తమ నాయకుడని వారి నిర్ణయం. ఈ లక్షణాన్ని గ్రంథాలలో చదువుకొనడం సులభమే. కాని ఒక నటుడు దానిని మూడున్నర దశాబ్దాల పాటు తెరమీద నిలబెట్టి చూపడం అరుదు. అమెరికా నటుడు గారీ కూపర్ అట్టి అరుదైనవారిలో ఒకడు.

కూపర్ 1901 మే 7వ తేదీన మోంటానా రాష్ట్రంలోని హెలెనా పట్టణంలో జన్మించాడు. అసలు పేరు ఫ్రాంక్ జేమ్స్ కూపర్. తల్లిదండ్రులిద్దరూ ఇంగ్లండు నుంచి వలస వచ్చినవారే. తండ్రి చార్లెస్ న్యాయవాదిగా జీవితం ప్రారంభించి, తరువాత ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానంలో న్యాయమూర్తి అయినాడు. ఆయనకు పట్టణానికి దూరంగా ఒక పశుక్షేత్రం ఉండేది. కుర్రవాడు సెలవులలో అక్కడ గుర్రపుస్వారీ, వేట నేర్చుకొన్నాడు. తల్లికి మాత్రం కొడుకు పద్ధతిగా చదువుకొనాలని కోరిక. అందుచేత 1910 నుంచి 1912 వరకు ఇంగ్లండులోని డన్‌స్టబుల్ గ్రామర్ పాఠశాలలో చదివించారు. ఒకవంక పశువుల కాపరుల మోటుదనం, మరొకవంక ఇంగ్లీషు బడి మర్యాద. ఈ రెండూ కలిసి ఆయన స్వభావంలో ఒక వింత పొందికగా స్థిరపడినవి.

పదిహేనేళ్ల ప్రాయంలో మోటారు ప్రమాదం జరిగి తుంటికి దెబ్బ తగిలింది. గుర్రపుస్వారీ చేస్తే కుదురుతుందని వైద్యుడు సలహా ఇచ్చాడు. ఆ వైద్యం సరియైనది కాకపోవడం చేత, గుర్రం మీద కొంచెం బిగుసుకొని, ఒక పక్కకు ఒరిగి కూర్చునే అలవాటు ఆయనకు జన్మాంతం నిలిచిపోయింది. ఆ లోపమే తరువాత తెరమీద ఆయన ముద్ర అయింది.

కూపర్‌కు మొదట నటనపై ఆశలేదు. చిత్రకారుడు కావాలని ఆయన కోరిక. అయోవాలోని గ్రినెల్ కళాశాలలో కొంతకాలం చదివి, పట్టం పుచ్చుకొనకుండానే బయటికి వచ్చాడు. 1924లో తల్లిదండ్రులుంటున్న లాస్ ఏంజిలిస్ చేరి, బొమ్మలు వేసి బతకాలని ప్రయత్నించి విఫలుడైనాడు. అప్పుడు మోంటానా మిత్రులు కొందరు కౌబాయ్ చిత్రాలలో గుర్రాలమీద నుంచి పడే పనికి దారి చూపారు. కూలి స్వల్పం, దెబ్బలు అనల్పం. అదే పేరుగల నటులు మరికొందరు ఉండడంతో, పాత్రల ఎంపిక వ్యవహారాలు చూసే నాన్ కాలిన్స్ అనే ఆమె తన సొంత ఊరైన గారీ పట్టణం పేరును ఆయనకు పెట్టింది.

1926లో "ది విన్నింగ్ ఆఫ్ బార్బరా వర్త్" చిత్రంలో వేషం దొరికింది. మరుసటి సంవత్సరం "వింగ్స్"లో కనిపించినది కొద్ది నిమిషాలే అయినా ప్రేక్షకులు ఆ ముఖాన్ని మరువలేదు. 1929లో వచ్చిన "ది వర్జీనియన్" ఆయన మొదటి పూర్తి టాకీ. మూగచిత్రాల నటులు ఎందరో టాకీల రాకతో మూలపడిన కాలమది. కూపర్ మాత్రం తక్కువ మాటలతోనే ఎక్కువ చెప్పగలిగాడు. ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలనే చతుర్విధాభినయాలలో ఆయన బలం చివరిదానిలోనే ఉన్నది. చిత్రీకరణ సమయంలో ఆయన ఏమీ చేయనట్లే కనిపించేవాడట. తీరా తెరమీద చూస్తే కనురెప్పల కదలికలో సైతం భావం పలికేదని తోటివారు ఆశ్చర్యపడేవారు.

1935లో వచ్చిన "ది లైవ్స్ ఆఫ్ ఎ బెంగాల్ లాన్సర్" మన దేశపు వాయవ్య సరిహద్దు కథ. దానిని కాలిఫోర్నియాలోనే తీశారు. పాలకుల కంటితో పాలితులను చూసిన చిత్రం గనుక భారతీయులకు అది రుచించదు. ఆ మరుసటి ఏడు ఫ్రాంక్ కాప్రా దర్శకత్వంలో వచ్చిన "మిస్టర్ డీడ్స్ గోస్ టు టౌన్" ఆయనలోని సామాన్య మానవుని వెలికి తెచ్చింది. 1941లో "సార్జంట్ యార్క్" చిత్రానికి ఉత్తమ నటునిగా ఆస్కార్ బహుమతి లభించింది. మరుసటి సంవత్సరం "ది ప్రైడ్ ఆఫ్ ది యాంకీస్"లో మరణాసన్నుడైన బేస్‌బాల్ క్రీడాకారుడు లూ గెరిగ్ పాత్ర ధరించాడు. 1943లో పసిఫిక్ యుద్ధరంగంలోని సైనికులను చూడబోయినప్పుడు, ఆ చిత్రంలోని వీడ్కోలు ప్రసంగం వినిపించమని వారు కోరగా, జ్ఞాపకం తెచ్చుకొని వినిపించాడు.

ఆయన కీర్తికి శిఖరం 1952లో వచ్చిన "హై నూన్". దర్శకుడు ఫ్రెడ్ జిన్నెమాన్, రచయిత కార్ల్ ఫోర్మన్. ఒక చిన్న ఊరి మార్షల్ పెండ్లి చేసుకొని ఉద్యోగం వదలి వెళ్లబోతాడు. ఇంతలో ఒకప్పుడు తాను పట్టి శిక్ష వేయించిన దుర్మార్గుడు విడుదలై మధ్యాహ్నం పన్నెండు గంటల రైలులో వస్తున్నాడని తెలుస్తుంది. సాయం కోరి ఇంటింటికీ తిరుగుతాడు. నిన్నటి వరకు ఆయనను మెచ్చుకొన్నవారందరూ తలా ఒక సాకు చెప్పి తప్పుకొంటారు. కథ జరిగే కాలమూ, చిత్రం నడిచే 85 నిమిషాలూ దాదాపు సమానం. గోడ గడియారం ముల్లుతోపాటు ప్రేక్షకుని గుండె కూడా కొట్టుకొంటుంది. అప్పటికి కూపర్‌కు యాభై ఏండ్లు. కడుపులో పుండు, నడుమునొప్పి బాధిస్తూ ఉండేవి. ముఖంలోని ముడుతలు దాచకుండా చూపిన ఆ వేదన పూర్తిగా నటన కాదు. భయం ఎరిగి కూడా నిలబడే ధైర్యాన్ని ఆయన చూపాడు. దీనికి రెండవ ఆస్కార్ వచ్చింది.

ఆ చిత్రం వెనుక మరొక కథ ఉన్నది. కమ్యూనిస్టుల కోసం అమెరికా ప్రతినిధుల సభాసంఘం సినిమారంగాన్ని గాలిస్తున్న రోజులవి. 1947లో కూపర్ స్వయంగా ఆ సంఘం ముందు హాజరై, కమ్యూనిజం తనకు ఇష్టం లేదన్నాడు గాని, ఒక్కరి పేరైనా చెప్పలేదు. 1951లో, "హై నూన్" చిత్రీకరణ జరుగుతుండగానే, ఫోర్మన్‌ను పిలిచారు. అతడు పూర్వ సహచరుల పేర్లు చెప్పడానికి నిరాకరించాడు. భాగస్వాములు అతనిని దూరం చేశారు. కూపర్ రాజకీయాలు అతనికి పూర్తిగా విరుద్ధం. అయినా అతని పక్షాన నిలిచాడు. అతడు కొత్తగా పెట్టబోయే సంస్థలో పెట్టుబడి పెడతానని కూడా అంగీకరించాడు. కాని నలువైపుల నుంచి ఒత్తిడి పెరిగేసరికి ఆ మాట వెనుకకు తీసుకొనవలసి వచ్చింది. ఫోర్మన్ ఇంగ్లండు వెళ్లిపోయాడు. పిమ్మట "ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్" చిత్రానికి అతడు రచన చేసినా, తెరమీద పేరు వేయలేదు.

తెరమీది మార్షల్ ఒంటరిగా నిలిచి గెలిచాడు. ఆ పాత్రధారి కొంతదూరం నిలిచి, తరువాత తగ్గాడు. దీనినిబట్టి ఆయనను పిరికివాడనడం న్యాయం కాదు. ఆ రోజులలో ఆమాత్రం దూరం వచ్చినవారు ఎందరు? పాత్రలోని ధైర్యానికి వెల రచయిత నిర్ణయిస్తాడు. జీవితంలో ఆ వెల ఎవరికి వారే చెల్లించాలి. ఈ తేడా తెలిసిననాడే "హై నూన్" మనకు పూర్తిగా అర్థమవుతుంది.

1960లో ఆయనకు క్యాన్సర్ వ్యాధి సోకినట్లు తెలిసింది. 1961 ఏప్రిల్‌లో జీవిత కృషికి గౌరవ ఆస్కార్ ప్రకటించగా, మిత్రుడు జేమ్స్ స్టువార్ట్ ఆయన బదులు దానిని అందుకొంటూ కంటతడి పెట్టాడు. ఆ కన్నీటివల్లనే లోకానికి సంగతి అర్థమైంది. అరువది ఏండ్లు నిండిన ఆరు రోజులకు, మే 13వ తేదీన, కూపర్ కన్నుమూశాడు. ఏడు వారాలకు ఆయన ఆప్తమిత్రుడు, "ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్" నవలాకారుడు హెమింగ్వే కూడా గతించాడు.

గొంతు పెంచినవాడే నాయకుడనుకొనే విద్యార్థులు గారీ కూపర్ చిత్రమొకటి చూడడం మంచిది. ఊరంతా తలుపులు మూసుకొన్న వేళ, ఎండలో నిర్జనమైన వీథిలో నడిచిపోయే ఆ పొడవాటి మనిషి ఒక్క మాటా ఆడడు. అయినా చెప్పవలసినదంతా చెప్పనే చెప్పుతాడు.