నవ్వును విడువని అవ్వ: లక్ష్మీబాయి తిలక్

సంఘ చరిత్ర వ్రాసేటప్పుడు మనము ముందుగా దొరలను, బోధకులను, పాస్టరు అయ్యగార్లను తలచుకొంటాము. అది న్యాయమే. అయితే తిమోతి విశ్వాసమునకు వేరు అవ్వ లోయి దగ్గర ఉన్నదని పౌలు భక్తుడు మరువలేదు. మన కల్వకుర్తి ప్రాంతములో కూడ అక్షరము రాకపోయినా కీర్తనలన్నీ కంఠతా నేర్చి, మనుమలను మోకాళ్లమీద కూర్చోబెట్టుకొని ప్రార్థన నేర్పిన అవ్వలు ఎందరో ఉన్నారు. వారి జీవితములు గ్రంథములకెక్కలేదు. అటువంటి ఒక అవ్వ, తన కథను తానే వ్రాసికొనిన అవ్వ, మహారాష్ట్రములో ఉండెను. ఆమెయే లక్ష్మీబాయి తిలక్.

ఆమె 1868లో నాసిక్ దగ్గరి జలాల్‌పూర్ గ్రామములో ఒక బ్రాహ్మణ కుటుంబమునందు జన్మించెను. పుట్టింటి పేరు మనకర్ణిక. ఆమె తల్లిగారి తండ్రిని 1857 తిరుగుబాటు కాలములో ఆంగ్ల ప్రభుత్వము ఉరితీసినది. ఆ దెబ్బతో ఆమె తండ్రికి మడిపిచ్చి పట్టుకొన్నది. బజారునుండి ఏది వచ్చినను కడగవలసినదే. ఉప్పును సైతము కడిగించేవాడు. కడిగిన ఉప్పు ఎంత మిగులునో మన తల్లులకు వేరే చెప్పనక్కరలేదు! ఇంటిల్లిపాదికి కన్నీరు తెప్పించిన ఈ సంగతులను ఆమె పెద్దతనములో నవ్వు పుట్టునట్లు వ్రాసినది. అయినను తండ్రిని ఎక్కడను కించపరచలేదు.

పదకొండవ ఏట, 1880లో, ఆమెకు నారాయణ వామన్ తిలక్ గారితో వివాహమైనది. ఆయన గొప్ప కవి, దయాహృదయుడు, కాని నిలకడ లేని మనిషి. ఒక ఊరిలో ఉద్యోగము, మరొక ఊరిలో కాపురము. చేతిలో రూకలుంటే అడిగినవానికి ఇచ్చివేయుట ఆయనకు అలవాటు. పొయ్యిమీదికి ఏమి వచ్చునో అని ఎదురుచూచుట ఇల్లాలి వంతు. ఆమెకు చదువు రాదు. భర్తయే అక్షరములు నేర్పెను. ఆ చదువు నడుమ జరిగిన తగాదాలు కూడ ఆమె పుస్తకములో మనలను నవ్వించును.

రైలు ప్రయాణములో ఒక ఐరోపీయుడు తిలక్ గారి చేతికి క్రొత్త నిబంధన ఇచ్చెను. దానిని చదువగా చదువగా ఆయన హృదయము క్రీస్తువైపు తిరిగినది. 1895 ఫిబ్రవరి 10న బొంబాయిలో బాప్తిస్మము పొందిరి. ఆ వార్త లక్ష్మీబాయికి పిడుగువలె తగిలినది. భర్త బ్రతికియుండగనే ఆమె ఒంటరిదైనది. చిన్నవాడైన కుమారుడు దత్తూను ఒడిలో పెట్టుకొని, పండరీపురములోను నాసిక్‌లోను బంధువుల ఇండ్లలో దాదాపు ఐదేండ్లు గడిపినది.

చివరకు భర్త దగ్గరకు అహ్మద్‌నగర్ వచ్చినది గాని మతము మార్చుకొనుటకు రాలేదు. వేరుగా వండుకొన్నది, నీరు వేరుగా పెట్టుకొన్నది. భర్త ఆమెను బలవంతపెట్టలేదు. ఇది మనము గమనింపదగిన సంగతి. బావిదగ్గర కులము అడ్డుగోడయై నిలిచిన గ్రామములలో పెరిగిన మనకు ఆ నీటికుండ విలువ తెలియును. ఆ కుండ ఆమెకు పుట్టిల్లు, పరువు, పూర్వులు, అన్నియును. దానిని విడుచుట చిన్నపని కాదు. రాహురి అను ఊరిలో ఉన్నప్పుడు ఆమె ఈ విషయమునుగూర్చి తనలో తాను లోతుగా ఆలోచించుకొని, కులము దేవుడు చేసినది కాదు, మనుష్యులు కల్పించుకొనినదే అని తేల్చుకొన్నది. అటుపిమ్మట ఎవరి చేతి నీరైనను త్రాగినది. బాప్తిస్మము 1900లో, ఆ తరువాతనే పొందినది. పెదవి ఒప్పుకొనకముందే చేయి ఒప్పుకొనినది!

ఆ దినములలోనే దక్కనుమీదికి ఘోరమైన కరవు వచ్చినది. దిక్కులేని బిడ్డలకు ఆ ఇంటి తలుపు తెరచియుండెను. తనకే చాలని గంజిలో వారికి పాలు పంచినది. ఒకప్పుడు అంటు అని దూరముగా జరిగిన స్త్రీ, అహ్మద్‌నగర్‌లో ప్లేగు వచ్చినప్పుడు రోగులకు తన చేతులతో పరిచర్య చేసినది. బాలకవి అని పేరుపొందిన యువకవి ఠోంబ్రే కూడ ఆమె ఇంట బిడ్డవలె పెరిగెను. ఆయన క్రైస్తవుడు కాడు. అయినను ఆమె అన్నము పెట్టుటలో భేదము చూపలేదు.

1919 మే 9న తిలక్ గారు ప్రభువునందు నిద్రించిరి. ఆమె క్రుంగిపోక, బాలికల వసతిగృహములో మేట్రనుగా పనిచేసినది. పిదప కుమారుని కుటుంబముతో కరాచీలో ఉన్నది. భర్త ప్రారంభించిన క్రీస్తాయనము అను మహాకావ్యము పది అధ్యాయములతో ఆగిపోగా, ఒకప్పుడు అక్షరము రాని ఈ తల్లి మరి 64 అధ్యాయములు రచించి దానిని ముగించినది. భర్తనుగూర్చిన జ్ఞాపకములు కావలెనని కుమారుడు కోరగా వ్రాసిన స్మృతిచిత్రే 1934 నుండి భాగములుగా వెలువడినది. నేటికిని మరాఠీ భాషలో అది శ్రేష్ఠమైన ఆత్మకథలలో ఒకటి. 1936లో నాసిక్‌లో ఆమె కన్నుమూసెను. తరువాత ఆమె మనుమడు అశోక్ తిలక్ గారే ఆ గ్రంథమును సమగ్రముగా పరిష్కరించి ప్రచురించిరి. అవ్వ మాటను మనుమడు భద్రపరచిన విధము అది.

ఆమె పుస్తకములో ఎవరిమీదను పగ కనబడదు. ఆకలిని, అవమానమును, ఎడబాటును చెప్పునప్పుడు కూడ ఆమె నవ్వు ఆగదు. అది తేలికతనము కాదు. దేవుడు తన్ను విడువలేదని తెలిసినవారికి మాత్రమే వచ్చు నవ్వు అది.

ప్రియ సంఘస్థులారా, శతవత్సరముల కృతజ్ఞత అర్పించుచున్న ఈ సమయములో మన ఇంట సజీవముగా ఉన్న అవ్వల దగ్గర ఒక సాయంకాలము కూర్చుందము. వారు ఏ బావినీరు త్రాగిరో, ఏ కరవు దాటిరో, ఎప్పుడు నవ్విరో అడిగి వ్రాసికొందము. మన సంఘచరిత్రలో ఇంకను వ్రాయబడని అధ్యాయములు వారియొద్దనే ఉన్నవి.