ఆలిస్ బాల్

కుష్ఠువ్యాధికి సరియైన ఔషధము లేని కాలమున, ఒక చెట్టు గింజల నూనెను రోగుల శరీరమునకు పట్టు మందుగా మార్చిన రసాయన శాస్త్రజ్ఞురాలు ఆలిస్ అగస్టా బాల్.

ఈమె 1892 జూలై 24వ తేదీన అమెరికాలోని సియాటిల్ నగరమున ఒక నల్లజాతి కుటుంబములో జన్మించెను. తాతగారు పేరుపొందిన ఛాయాగ్రాహకుడు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున 1912, 1914 సంవత్సరములలో రెండు పట్టములు పొంది, పిదప హవాయి కళాశాలలో చేరెను. కావా అను మొక్క వేరులోని రసాయన పదార్థములను పరిశోధించి 1915లో ఎం.యస్. పట్టము నందెను. ఆ కళాశాలలో ఆ పట్టము నందిన ప్రథమ మహిళ ఆమెయే; ప్రథమ నల్లజాతి వ్యక్తియు ఆమెయే. అనంతర మచ్చటనే రసాయన శాస్త్రమును బోధించెను.

హవాయిలో 1866 నుండి కుష్ఠురోగులను మొలొకాయ్ ద్వీపమునకు పంపివేయుచుండిరి. ఈ నిర్బంధము వలన తల్లులు బిడ్డలకును, భర్తలు భార్యలకును దూరమైరి. వారికి మిగిలిన ఆశ చాల్మూగ్రా నూనె. ఈ జాతి గింజలను తువరకమను పేర మన సుశ్రుత సంహితయు పేర్కొన్నది. కాని ఆ నూనె త్రాగినచో కడుపు త్రిప్పి వాంతులయ్యెడివి. సూదితో ఎక్కించినచో ఆ జిగట పదార్థము రక్తమున కలియక, చర్మము క్రింద గడ్డలై నిలిచి బాధించెడిది.

కలీహి వైద్యశాలలోని డాక్టరు హారీ హాల్మన్ ఈ చిక్కును ఆలిస్ బాల్ ముందుంచెను. ఆమె బోధన సాగించుచునే ప్రయోగములకు పూనుకొనెను. నూనెలోని కొవ్వు ఆమ్లములను విడదీసి, వానిని ఇథైల్ ఎస్టరులుగా మార్చెను. అవి పలుచనివగుటచే సూదిమందుగా వాడుటకు వీలయ్యెను. అప్పటి కామె వయస్సు 23 సంవత్సరములు మాత్రమే.

ఆ ఫలితమును ప్రకటింపక మునుపే ఆమె రోగగ్రస్తురాలై, 1916 డిసెంబరు 31వ తేదీన కన్నుమూసెను. ఆ కళాశాల అధ్యక్షుడు ఆర్థర్ డీన్ ఆ కృషిని కొనసాగించి, ఆమె పేరు చెప్పకయే వ్యాసములు ప్రకటించెను. ఆ విధానమునకు డీన్ పేరే స్థిరపడెను. కొలది సంవత్సరములలోనే ఆ చికిత్స పొందిన 78 మంది రోగులు కలీహి వైద్యశాల నుండి ఇండ్లకు మరలిరి. అది సంపూర్ణ నివారణము కాదు. కొందరికి వ్యాధి తిరుగబెట్టెను. అయినను 1940 తరువాత సల్ఫోను మందులు వచ్చువరకు రోగుల కదియే ముఖ్యాధారము.

1922లో హాల్మన్ తన వ్యాసమున ఆ విధానమునకు బాల్ పేరే పెట్టి సత్యమును నిలిపెను. అయినను లోక మామెను మరచెను. 1970 తరువాత పరిశోధకులు పాత పత్రములను వెదకి ఆమె చరిత్రను వెలికితీసిరి. 2000 సంవత్సరమున హవాయి విశ్వవిద్యాలయము తన ఆవరణలోని చాల్మూగ్రా చెట్టు కడ ఆమె పేర ఫలకము నిలిపెను.

ఆయువు 24 సంవత్సరములే. కాని సత్కార్యమునకు ఆయువుతో కొలత లేదు. భద్రపరచిన కాగితము ఏనాటికైనను న్యాయము చెప్పునని ఆమె చరిత్ర చాటుచున్నది.